రిమార్కుల కాలమ్

పొగబెట్టిన చేపను పళ్లెంలో పరిచి, తోక దగ్గర వెన్నెముక పట్టుకుని ఒక్క లాగు లాగితే పెద్ద ముళ్లన్నీ దానితోపాటే వచ్చేస్తాయి. పక్కల ఉండే సన్నముళ్లను మాత్రం వేలికొసలతో తడిమి ఒక్కొక్కటే తియ్యాలి. ఎర్లిందా పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ పని చేస్తోంది. పొగచేపలకు పేరుపడ్డ రొసారియోలో పుట్టి పెరిగిన వాడై ఉండి కూడా ఆమె భర్త రోడెల్‌కు చేప ముళ్లు ఏరుకోవడం చేతకాదు. పెళ్లయిన మొదటి వారంలోనే అత్తగారు ఆ సంగతి చెప్పింది, అదేదో కొడుకులోని గొప్పతనమైనట్టు. "వాడికి నేనే ఏరి పెట్టేదాన్ని. ఇక నీ పని."

ఆ రోజు ఒక ముల్లు మిగిలిపోయింది. రోడెల్ దాన్ని నోట్లోంచి తీసి పళ్లెం అంచున పెట్టి, వేలితో కొంచెం ముందుకు జరిపాడు, ఆమెకు కనబడేలా.

"రోజంతా కంప్యూటర్ చూసీ చూసీ ఇంట్లోవి కళ్లకు ఆనడం లేదు" అంది అత్తగారు. ఇంట్లో అందరూ ఆవిడను నానాయ్ అనే పిలుస్తారు, అమ్మా అన్నట్టు.

"తప్పయింది నానాయ్" అంది ఎర్లిందా. అన్నం మెత్తబడితే ఆ మాటే, ఆరేసిన చొక్కాల మీద వాన పడితే ఆ మాటే. ఒకసారి కరెంటు పోయినప్పుడు కూడా ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. రోడెల్ నవ్వి, "కరెంటు కూడా నువ్వే తీశావా?" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. కానీ లోపలెక్కడో, నిజంగానే ఇంట్లో చెడేదంతా తనవల్లే చెడుతోందన్న నమ్మకం ఎప్పుడో కుదురుకుపోయింది. మొదటి కడుపు మూడో నెలలో పోయినప్పటి నుంచి కావచ్చు. అప్పుడు ఆ సంగతి రోడెల్‌కు ఒక్కడికే చెప్పింది, ఇంకెవరికీ చెప్పొద్దని చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. మధ్యాహ్నానికల్లా నానాయ్‌కి తెలిసింది. సాయంత్రానికి వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ గేటు దగ్గర ఆపి, "నిండు బకెట్ ఎత్తావటగా, ఆ మాత్రం తెలియదా?" అని అడిగింది. "అమ్మకు చెప్పకుండా ఎలా ఉంటాను?" అన్నాడు రోడెల్, అందులో తప్పేమిటో నిజంగానే అర్థంకాక. ఆ తర్వాత ఆమెకు మళ్లీ కడుపు పండలేదు.

ఆమె పనిచేసేది ఎగుమతుల వాడలో, కార్లకు వైర్ల కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీలో. సిబ్బంది విభాగంలో డేటా ఎక్కించే పని. రెండువేలమంది ఆడపిల్లలు మూడు షిఫ్టుల్లో వైర్లు కత్తిరించి, కొసలు నొక్కి, టేపు చుడతారు. అందరివీ అయిదు నెలల ఒప్పందాలే. అయిదు నెలలయ్యాక పేరు జాబితాలో ఉంటే మళ్లీ అయిదు నెలలు, లేకపోతే గేటు బయటికి. ఎర్లిందా తొమ్మిదేళ్లుగా వాళ్ల హాజరు ఎక్కిస్తోంది. మేనేజరు విల్యలూస్ ఆమెను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. "టైపు చేసే ఆవిడకివ్వండి" అంటాడు, ఎదురుగా కూర్చుని ఉండగానే.

ఆ పనిలో ప్రాణం తీసేది శుక్రవారం. ఫ్యాక్టరీ క్లినిక్‌లో నర్సు పెర్లా, ఏ అమ్మాయి ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఎందుకొచ్చింది అన్నీ తన కంప్యూటర్లో ఒక డేటాబేస్ ఫైలులో రాసుకునేది. వారం చివర అందులోంచి సమయాలు మాత్రం అచ్చుతీసి పంపేది. ఆ కాగితాలు చూసి ఎర్లిందా మళ్లీ అన్నీ ఎక్సెల్ షీటులో కొట్టుకోవాలి. ఒక కంప్యూటర్లో ఉన్నదాన్ని కాగితం మీదికి దించి, కాగితం మీదున్నదాన్ని ఇంకో కంప్యూటర్లోకి ఎక్కించడం. ఒక అంకె తప్పు కొడితే ఎవరిదో అరపూట జీతం పోతుంది.

పెర్లాకు యాభై దాటాయి. ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను ఆతే పెర్లా అనేవారు, పెద్దక్క అన్నట్టు. "నీకు కావలసింది సమయాలేగా. మిగతావి వాళ్లకూ నాకూ మధ్య" అనేది కాగితాలిస్తూ.

ఆ ఏడు ఫిబ్రవరిలో కంపెనీవాళ్లు మూడు రోజుల కంప్యూటర్ శిక్షణ ఏర్పాటుచేశారు. వెళ్లాల్సిన వాడికి జ్వరమొస్తే ఆ చోటు ఖాళీగా పోతుందని ఎర్లిందాను పంపారు. అక్కడ నేర్చుకుంది, ఒక ఫైలులో ఉన్నదాన్ని ఇంకో ఫైలులోకి కాపీ చెయ్యక్కర్లేదని. లింకు పెడితే చాలు. అసలు ఫైలు తన చోటనే ఉంటుంది, ఎవరూ దాన్ని కదపరు. ఇక్కడ షీటు తెరిస్తే అక్కడ ఆ నిమిషానికి ఏముందో అదే కనబడుతుంది. పాఠం చెప్పే అమ్మాయి అది చేసి చూపించినప్పుడు ఎర్లిందాకు తొమ్మిదేళ్ల శుక్రవారాలు ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి.

వచ్చిన వారమే పెర్లా దగ్గరికెళ్లి చెప్పింది. "ఇంక అచ్చు తియ్యక్కర్లేదు ఆతే. సమయాలు వాటంతటవే నాకొచ్చేస్తాయి. నీ ఫైలు పాస్‌వర్డ్ కావాలంతే."

పెర్లా తటపటాయించను కూడా లేదు. దగ్గరికి వంగి, "మా అమ్మ పేరు. రెమెడియోస్. చివర్లో ఆవిడ పుట్టిన సంవత్సరం" అని చెవిలో చెప్పింది.

లింకు పెట్టేటప్పుడు ఏయే కాలమ్‌లు కావాలో ఎంచుకోవచ్చు. పని సంఖ్య, తేదీ, లోపలికొచ్చిన సమయం, బయటికెళ్లిన సమయం. నాలుగు చాలు. ఎర్లిందాకు ఆ సంగతి తెలుసు. కానీ మొత్తం టేబుల్‌ని లాగితే ఒక్క నొక్కుతో అయిపోతుంది, చూడటానికి నిండుగా ఉంటుంది. అంతటితో ఆగలేదు. హాజరు షీటునూ క్లినిక్ టేబుల్‌నూ పని సంఖ్యతో కలిపి, పేరు, లైను, ఒప్పందం ముగిసే తేదీ, క్లినిక్‌కు ఎన్నిసార్లు, ఎందుకు, అన్నీ ఒకే వరుసలో వచ్చేలా చేసింది. చివర రిమార్కులు అని ఇంకో కాలమ్ ఉంది, పెర్లా తన గుర్తు కోసం రాసుకునేది. అదీ వచ్చింది. ఎవరూ అడగలేదు. ఎన్ని చెయ్యగలదో చూపించాలనిపించింది, అంతే.

విల్యలూస్ ఆమె వెనక నిలబడి తెర చూశాడు. చాలాసేపు చూశాడు. ఒకచోట వంగి, "ఇదేమిటి?" అని వేలు పెట్టాడు. నెల తప్పింది, రెండో నెల, అని ఉందక్కడ.

ఎర్లిందాకు చటుక్కున సిగ్గేసింది, తన గదిలోకే ఎవరో తొంగిచూసినట్టు. "ఇది అక్కర్లేదు సర్. తీసేస్తాను."

"ఉండనీ. ఉంటే నష్టమేముంది? వారం వారం నాకు పంపు. అసలు నా కంప్యూటర్లో కూడా తెరుచుకునేలా చెయ్యి." తర్వాత మెల్లగా అన్నాడు: "చాలా బాగా చేశావు ఎర్లిందా."

ఆ రోజు ఆటోలాంటి ట్రైసికిల్ కోసం కూడా ఆగకుండా ఇంటిదాకా నడిచింది. తన పేరు ఆయన నోట ఎలా పలికిందో పదేపదే తలుచుకుంది. ఇంటికెళ్లి చెప్పుల్తోనే రోడెల్‌కు చెప్పింది, రెండు ఫైళ్లు ఎలా కలిపిందో, మేనేజరు ఏమన్నాడో. అతను టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "అంటే ఇన్నాళ్లూ చేసిన పని ఇప్పుడు చెయ్యక్కర్లేదన్నమాట. అయితే తొందరగా ఇంటికి రావొచ్చుగా" అన్నాడు. నెల తర్వాత పైఅధికారుల సమావేశంలో విల్యలూస్ ఆ షీటును గోడ మీద వేసి, నేను చేయించిన పద్ధతి అన్నాడట. అయినా ఎర్లిందాకు కోపం రాలేదు. బాగా చేశావు అన్న మాట అప్పటికే ఆమె దగ్గర ఉంది.

ఆ షీటును దేనికి వాడుతున్నారో ఎప్పుడు తెలిసిందని తర్వాత చాలాసార్లు తనను తనే అడిగింది. మూడో శుక్రవారమే తెలిసింది. ఒప్పందాలు ముగిసినవాళ్లలో మళ్లీ తీసుకునేవాళ్ల జాబితా ఆమే ఎక్కించాలి. ముప్ఫైమందిలో తొమ్మిది పేర్లు రాలేదు. ఆ తొమ్మిదింటిలో ఏడు ఆమెకు తెలుసు. మొహాలు కాదు, వరుసలు తెలుసు, చివరి కాలమ్‌లో ఏముందో తెలుసు. యాదృచ్ఛికం అనుకుంది. మరుసటి నెల కూడా అలాగే అనుకుంది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ కాలమ్‌లో నెల తప్పింది అన్న మాట కనబడ్డప్పుడల్లా గుండెలో సన్నగా ఏదో గుచ్చుకునేది. అది జాలి అనుకునేది. చాలాకాలానికి గాని ఒప్పుకోలేదు, అందులో జాలి కానిది కూడా కొంత ఉందని. పందొమ్మిదేళ్ల పిల్లలు, అయ్యో వచ్చేసిందే అని ఏడ్చుకుంటూ పెర్లాకు చెప్పుకునేది ఆమెకు ఇన్నేళ్లుగా మళ్లీ రానిది. అందుకని చేసిందా? కాదు. కానీ అందుకని ఊరుకుందేమో. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఇప్పటికీ శుభ్రమైన జవాబు లేదు.

ఒకరోజు భోజనాల దగ్గర పెర్లా అడిగింది. "లిందా, నా ఫైలు పక్కన ఇంకో బుల్లి ఫైలు వచ్చి పోతోంది. తాళం బొమ్మతో. నేను తెరవకముందే ఉంటోంది ఒక్కోసారి. వైరస్సా?"

వేరే ఎవరైనా ఆ డేటాబేస్ తెరిచి ఉంటే ఆ తాళం ఫైలు పుడుతుంది, మూసేస్తే పోతుంది. విల్యలూస్ రోజూ చూస్తున్నాడన్నమాట. ఎర్లిందా చెంచాతో చారు కలుపుతూ, "అది దానంతటదే వస్తుంది ఆతే. పట్టించుకోకు" అంది.

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. నాకివేం తెలుస్తాయి" అని పెర్లా తన పళ్లెంలోని అరటిపండు తీసి ఆమె పళ్లెంలో పెట్టింది.

మారివిక్ అనే అమ్మాయి ఆరో లైనులో వైరు కొసలు నొక్కేది. దూరాన ఉన్న సమార్ దీవి నుంచి వచ్చింది, ఇరవై రెండేళ్లు, నాలుగు ఒప్పందాలు మచ్చ లేకుండా చేసింది. ఆగస్టులో తలనొప్పి మాత్ర కోసం క్లినిక్‌కు వెళ్లి, తలుపు వేసి, పెర్లాతో విషయం చెప్పింది. అయిదో ఒప్పందం వస్తే ప్రసవం సెలవు దొరుకుతుంది, అంతదాకా ఎవరికీ తెలియకూడదు. పెర్లా ఒట్టేసింది. ఒట్టేసి, మందుల మోతాదు మర్చిపోకుండా ఉండటానికి తన ఫైలులో రాసుకుంది. అది రాసిన గంటకే పైఅంతస్తులో విల్యలూస్ తెర మీద కనబడింది.

ఒప్పందం ముగిసి, కొత్త జాబితాలో పేరు లేదని తెలిసిన రోజు మారివిక్ గేటుకు వెళ్లలేదు, క్లినిక్‌కు వచ్చింది. పెర్లాను భోజనానికి పిలవడానికి వచ్చిన ఎర్లిందా వరండాలో ఆగిపోయింది.

"నీకొక్కదానికే చెప్పాను ఆతే. మా ఆయనకు కూడా చెప్పలేదింకా. నీకెంతిచ్చారు?"

"నేనెవరికీ చెప్పలేదమ్మా. మా అమ్మ మీదొట్టు."

"మరి గోడలు చెప్పాయా?" మారివిక్ గొంతు పెంచలేదు. "నా తర్వాత ఇంకెవరూ నీ దగ్గరికి రారు. అది మాత్రం చూసుకుంటాను."

అన్నట్టే అయింది. వారంలో ఆ మాట మూడు షిఫ్టులూ చుట్టేసింది. అమ్మాయిలు క్లినిక్ ముందునుంచి నడవడం మానేశారు. తెగిన వేళ్లకు వైర్ల టేపే చుట్టుకునేవారు. సెప్టెంబరు చివర్లో నెలియా అనే అమ్మాయి కడుపునొప్పిని రెండు రోజులు పళ్లబిగువున ఓర్చుకుని, పట్టపగలు లైను మధ్యలో కూలిపోయింది. గర్భం సంచిలో కాక గొట్టంలో పెరిగి పగిలిందట. ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఆపరేషన్ ఇంత పెద్దది అయ్యేది కాదన్నారు. క్లినిక్‌కు ఎందుకు వెళ్లలేదని అడిగితే నెలియా, "ఆవిడ రాసేస్తుంది" అందట.

కంపెనీ పెర్లాను పనిలోంచి పక్కన పెట్టింది, రహస్యం కాపాడలేదని. సంచీ తీసుకుని వెళ్లిపోతూ ఆవిడ ఎర్లిందా బల్ల దగ్గర ఆగింది. రెండు వారాల్లో పదేళ్లు పైబడ్డట్టుంది.

"నేనే ఎక్కడైనా నోరు జారానేమో లిందా. మందులు వేసుకుంటున్నానుగా బీపీకి, మగతగా ఉంటుంది. మా చెల్లితో ఫోన్లో అన్నానేమో. పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు, అంటే నేనేగా" అంది. ఎర్లిందాకు చెప్పిన సంగతి ఆవిడకు గుర్తు కూడా లేదు. లేక గుర్తుండీ, అనుమానించడానికి మనసొప్పలేదో. ఎర్లిందా లేచి ఆవిడను కౌగిలించుకుంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. విల్యలూస్ గది తలుపు తెరుచుకుంది. ఆమె నోరు మూసుకుంది.

ఆ తర్వాత వేళ్లు తోముకున్నా తోముకున్నా ఏదో అంటుకుని ఉన్నట్టే ఉండేది. ఆదివారం చర్చిలో పాపనివేదనకు వెళ్లి, అబద్ధం చెప్పాను ఫాదర్ అని మాత్రం చెప్పి, ఏమిటని ఆయన అడగకపోతే తేలిగ్గా బయటికొచ్చి, మెట్లు దిగకముందే మళ్లీ బరువెక్కిపోయింది. మారివిక్ కార్మిక శాఖలో ఫిర్యాదు చేసిందని తెలిసింది. గర్భం సంగతి మాకెవరికీ తెలియదు, ఒప్పందం ముగిసింది అంతే, అని కంపెనీ జవాబు. నర్సు ఎవరితోనైనా చెప్పి ఉంటే అది ఆమె సొంత తప్పు అని కూడా రాశారు. ఆ జవాబు టైపు చేసింది ఎర్లిందానే.

రోడెల్‌తో చెప్పింది. ఎవరితోనైనా చెప్పకుండా ఉండలేకపోయింది. అతను, "మేనేజరు ఉంచమన్నాడు, నువ్వు ఉంచావు. నీదేముంది ఇందులో? నువ్వొక టైపు చేసేదానివి" అన్నాడు, ఓదార్పుగానే. ఆ ఓదార్పే ఆమెను కుదిపేసింది. చేప ముల్లుకూ వానకూ కరెంటుకూ బాధ్యురాలు తను. కడుపు నిలవకపోతే బాధ్యురాలు తను. ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి నిజంగా తన చేత్తో ఒక తప్పు చేస్తే, అది నీది కాదంటున్నారు. మంచిపని చేసినప్పుడూ అది ఆమెది కాలేదు, ఇప్పుడు చెడ్డది కూడా ఆమెది కాకుండా పోతోంది.

మర్నాడు పొద్దున నానాయ్ కాఫీ కప్పు జరుపుతూ అంది. "రోడెల్ చెప్పాడు. ఆ గొడవల్లో వేలు పెట్టకు. ఎవరో కడుపు తెచ్చుకుంటే నీ ఉద్యోగం పోవాలా?"

ఎర్లిందా ఆవిడ వంక చూసింది. తప్పయింది అనలేదు. "నేను రోడెల్‌కు చెప్పింది రోడెల్ వరకే నానాయ్" అంది. సంచీ తీసుకుని బయటికి నడిచింది. వెనక ఆవిడ కొడుకును పిలుస్తున్న కేక వినిపించింది.

ఆ ఆదివారం పెర్లా ఇంటికి వెళ్లింది. పెర్లా వాకిట్లో మొక్కలకు నీళ్లు పోస్తోంది. నిలబడే చెప్పింది ఎర్లిందా. లింకు, రిమార్కులు, తాళం ఫైలు, అన్నీ. పెర్లా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది, నీళ్లు కారి చెప్పులు తడిసినా చూసుకోలేదు.

"నాకు మతి చెడిందని డాక్టరు దగ్గరికెళ్లాను" అంది చివరికి. "తెలుసా నీకు? మతిమరుపు జబ్బేమోనని పరీక్షలు చేయించుకున్నాను."

"ఆతే..."

"ఆతే అనకు." చెంబు కింద పెట్టింది. "నాకు చెప్పి నీ గుండె బరువు దించుకోవడానికొచ్చావు. ఇక్కడ చెబితే ఏమొస్తుంది? నేను నిన్ను తిట్టనూ లేను, కూర్చోబెట్టి కాఫీ ఇవ్వనూ లేను. గురువారం కార్మిక శాఖలో విచారణ ఉంది. అక్కడ చెప్పగలవా?"

ఎర్లిందా తలూపింది. "నా దగ్గర షీట్లున్నాయి, అచ్చుతీసి తెస్తాను. కానీ వాటిలో మిగతా పిల్లల పేర్లూ ఉన్నాయి. మారివిక్ పేరు కూడా తనను అడగకుండా చూపించను. ఈసారి అడగాలి. నువ్వు అడుగుతావా?"

పెర్లా ఆమె మొహంలోకి మొదటిసారి సూటిగా చూసింది. "అడుగుతాను" అని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. బుధవారం ఫోన్ చేసి రెండే ముక్కలు చెప్పింది. "సరేనంది. తన ఒక్కదానిదే."

ఆ రోజే భోజనాల విరామంలో, అందరూ క్యాంటీన్‌కు వెళ్లాక, ఎర్లిందా పన్నెండు శుక్రవారాల షీట్లు అచ్చుతీసింది. నల్ల సిరా పెన్నుతో ఒక్కో పేరూ, ఒక్కో పని సంఖ్యా చదవరాకుండా కొట్టేసింది. మొత్తం నలభై ఒకటి. వెలుతురుకెత్తి చూసి, ఇంకా కనబడుతున్న చోట్ల మళ్లీ దిద్దింది. నలభై రెండో పేరు వదిలింది. చివర ఆ ఫైలును ఎవరు తయారుచేశారో, ఏ తేదీన చేశారో చూపే పేజీని కూడా అచ్చుతీసింది. అక్కడ ఉన్నది తన పేరే.

గురువారం విచారణ గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఒక పక్క మారివిక్, కడుపు మీద చెయ్యి వేసుకుని. ఆమెకు రెండు కుర్చీల అవతల పెర్లా. ఎదురుగా విల్యలూస్, కంపెనీ వకీలు. ఎర్లిందా తలుపు తోసుకుని లోపలికి రావడం చూసి విల్యలూస్ తనకేదో కాగితం తెచ్చిందనుకుని చెయ్యి చాచాడు. ఆమె అతన్ని దాటి వెళ్లి విచారణ అధికారి బల్ల మీద కాగితాలు పెట్టింది.

అధికారి అద్దాలు సవరించుకుని పేజీలు తిప్పాడు. వకీలు విల్యలూస్ చెవిలో ఏదో చెప్పి, మెత్తగా నవ్వుతూ లేచాడు. "ఈవిడ చిన్న ఉద్యోగి సర్. పద్ధతి తెలియక పొరపాటు చేసి ఉంటుంది. మేం ఆమెను తప్పుపట్టం." పెర్లా తరఫున వచ్చిన కార్మిక సంఘం మనిషి కూడా, "ఆమె ఏం చేసినా పైవాళ్లు చెప్పబట్టే" అన్నాడు. రెండు పక్కలవాళ్లూ ఆమెను తప్పించడానికే చూస్తున్నారు.

అధికారి చివరి కాలమ్ మీద పెన్ను ఆనించాడు. "ఈ రిమార్కులు షీటులోకి ఎవరు తెమ్మంటే తెచ్చావమ్మా?"

మారివిక్ తలెత్తి చూసింది. ఎర్లిందా ఆ చూపును తప్పించుకోలేదు.

"ఎవరూ తెమ్మనలేదు సర్. నేనే తెచ్చాను. తీసేస్తానంటే ఉంచమన్నది ఆయన. రెండూ రాసుకోండి."